దిగుడులో చేతులు మార్చే తాత

మా తాతను స్కూటరు వెనక ఎక్కించుకోవాలంటే గుండె నిబ్బరం కావాలి. ఆయన దారి నోటితో చెప్పడు, భుజం తట్టి చెబుతాడు. ఎడమ భుజం తడితే ఎడమకు, కుడి భుజం తడితే కుడికి. చదును దారిలో ఈ ఏర్పాటు బాగానే ఉంటుంది. దారి కిందికి దిగడం మొదలైందా, ఆయన చేతులు తారుమారవుతాయి. ఎడమకు తిరగాలనుకుని కుడి భుజం తడతాడు. మొదటిసారి నాకు ఆ సంగతి తెలియదు. మా వీధి చివరి దిగుడులో ఆయన తట్టిన వైపే తిప్పాను. నీళ్ల పైపుల కోసం తవ్విన గుంట మా ఇద్దరినీ స్కూటరుతో సహా లోపలికి తీసుకుంది.

గుంటలో పడి ఉండగానే తాత అన్నాడు, "ఎడమకి కదే తిప్పమన్నాను."

"కుడి భుజం కదా తట్టావు."

"దిగుడు కదే."

అంతే. దిగుడైతే ఏమవుతుందో ఆ రోజు చెప్పలేదు. మెట్లు దిగేటప్పుడు చెప్పులు కూడా మార్చి వేసుకుంటాడని నేను పని చేసే షెడ్డులో చెప్పి అందరినీ నవ్వించేదాన్ని. అది మాత్రం నా కల్పన.

మా నానమ్మ దగ్గర దీనికి సిద్ధంగా ఒక జవాబు ఉంది. "ఆయనకి ఎడమ కుడి తెలియదే. పెళ్లికి ముందే మా అన్నయ్య చెప్పాడు. మనిషి బంగారం, ఎడమ కుడి ఒక్కటే తెలియదు అన్నాడు. సర్కారు కాగితం కూడా ఉంది."

కాగితం నిజంగానే ఉంది. రేకు పెట్టెలో, నానమ్మ పాత కళ్లజోడు కింద, నాలుగు మడతలతో. తాత ఇరవయ్యో ఏట సైన్యంలో చేరి తొమ్మిదేళ్లు ఫిరంగిని లాగే చైను బండి నడిపాడు. తొమ్మిదేళ్ల చివర వచ్చింది ఆ కాగితం. 'ఎడమ కుడి భేదం తెలియని డ్రైవరు. ఇకపై ఏ వాహనమూ అప్పగించరాదు.' కింద మూడు సంతకాలు. అవి చాలా అందంగా ఉన్నాయి.

ఆ తర్వాత తాతను స్టోరులో కూర్చోబెట్టారు. చైను పలకలను కలిపే ఇనప పిన్నులకు గ్రీజు పూసి వరసగా పేర్చే పని. సైన్యం నుంచి బయటికొచ్చాక ఆయన వెతుక్కుని మరీ ఒక అయిదంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడిపే ఉద్యోగం పట్టాడు. అక్కడ ఎడమా లేదు, కుడీ లేదు. ఇరవై రెండేళ్లు జనాన్ని పైకి తీసుకెళ్లి కిందికి దించాడు. సైకిలు కూడా ముట్టలేదు.

నేను పదో తరగతి రెండుసార్లు రాసి రెండుసార్లూ లెక్కల్లో పోయి, డీజిలు ఇంజన్లు బాగుచేసే షెడ్డులో చేరాను. పోయిన ఏడాది మా ఊరి పాత బ్యారకుల్లో ఒక మ్యూజియం పెట్టారు. అక్కడి మేడమ్ మా మేస్త్రి దగ్గరికొచ్చి, గుట్ట మీది షెడ్డులో పాత సైనిక బండి ఒకటుంది, ఇంజను నడిచేలా చేయగలరా అని అడిగింది. మేస్త్రి నన్ను పంపాడు. వెళ్లి చూద్దును కదా, తాత తొమ్మిదేళ్లు నడిపిన రకమే.

అది గదంత పెద్దది. చక్రాల చుట్టూ ఇనప పలకల పట్టీలు, ఇటొకటి అటొకటి. పట్టీ ఎక్కడైనా వదులైందేమోనని సుత్తితో తడుతూ చుట్టూ తిరిగేసరికే నాకు ఒక పూట పట్టింది. వెనక మనిషి నడుమంత మందం కొక్కెం, దానికి తగిలించి ఒక ఫిరంగి. బ్యారకుల్లో దీన్ని 'దున్న' అనేవాళ్లట. డ్రైవరు సీట్లో కూర్చుని చూస్తే స్టీరింగు లేదు. మోకాళ్ల దగ్గర రెండు ఇనప కర్రలు నిలబడి ఉన్నాయి. అంత బండిని ఈ రెండు కర్రలతో ఎలా తిప్పుతారో తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదనిపించింది.

ఆ సాయంత్రం తాతను పట్టుకున్నాను. మొదట టీ తాగుతూ మాట దాటేశాడు. నేను వదలలేదు.

"ఎడమ కర్ర లాగితే ఏమవుతుంది తాతా?"

"ఎడమ పట్టీకి ఇంజను పట్టు వదిలేస్తుంది. అటు నెమ్మదిస్తుంది, ఇటు నడుస్తుంది. బండి ఎడమకి తిరుగుతుంది."

"మరి దిగుడులో?"

గ్లాసు కింద పెట్టాడు. "ఇద్దరు మనుషులు తాళ్లతో ఒక బండిని లాగుతున్నారనుకో. ఎడమవాడు తాడు వదిలేస్తే బండి ఎటు తిరుగుతుంది?"

"ఎడమకి. కుడివాడొక్కడే లాగుతున్నాడు కదా."

"ఇప్పుడు దిగుడు. వెనక ఫిరంగి తోస్తోంది. లాగాల్సిన పని లేదు, ఆపాలి. ఆ ఇద్దరూ వెనక్కి వెళ్లి తాళ్లు బిగబట్టి పట్టుకున్నారు. ఎడమవాడు వదిలేశాడు. ఇప్పుడు?"

నేను కళ్లు మూసుకుని బండిని ఊహించుకున్నాను. ఎడమ పక్క పట్టు తప్పి ముందుకు జారింది. "కుడికి తిరుగుతుంది."

"అందుకే దిగుడులో చేతులు మార్చాలి. ఎడమకి పోవాలంటే కుడి కర్ర. తొమ్మిదేళ్లు చేస్తే అది చేతుల్లోకి దిగిపోతుందే. ఇక పోదు."

గుంటలో పడ్డ రోజు నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్నకు జవాబు దొరికింది. కానీ జవాబు దొరికిన చోటే ఇంకో ప్రశ్న మొలిచింది. "అంటే నీకు ఎడమ కుడి అందరికన్నా బాగా తెలుసు. మరి ఆ కాగితం?"

తాత వీధి తలుపు వైపు చూశాడు. ఆ వేళకు మా ఈల తాత వస్తాడు. నానమ్మకు సొంత అన్నయ్య, తాతకు బావ. సైన్యంలో ఇద్దరిదీ ఒకే బండి. ఈ తాత ముందు కర్రలు పట్టుకుంటే, ఆ తాత వెనక ఫిరంగి మీది చిన్న సీట్లో కూర్చుని దాని బ్రేకు పట్టుకునేవాడు. ఫిరంగికి సొంత బ్రేకు ఉంటుంది. అది వేస్తే ఫిరంగి తోయడం మానేసి వెనక్కి ఈడుస్తుంది, అప్పుడు దిగుడులో కూడా కర్రలు మామూలుగానే పనిచేస్తాయి. ముందున్నవాడికి వెనక జరిగేది కనపడదు. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. బ్రేకు వేసే ముందు ఒక పొడుగు ఈల. వదిలేటప్పుడు రెండు పొట్టి ఈలలు. ఈల వినగానే డ్రైవరు చేతులు మార్చాలి.

ఈల తాత ఇంకా రాలేదని చూసుకుని తాత మెల్లగా చెప్పాడు. ఆ రోజు దిగుడులో ఎడమకు మలుపు. ఫిరంగి తోస్తోందనుకుని కుడి కర్ర లాగాడు. బండి ఎడమకు బదులు కుడికి తిరిగి బట్టలుతికే గదిలోకి గోడతో సహా దూరిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. రెండు వందల తెల్ల చొక్కాల మీద మసి కురిసింది. తర్వాత చూస్తే ఫిరంగి బ్రేకు వేసి ఉంది.

"విచారణలో ముగ్గురు కూర్చున్నారు. ఒక్కడూ దున్న ఎక్కినవాడు కాదు. మలుపు ఎటు అన్నారు. ఎడమకి అన్నాను. ఏ కర్ర లాగావు అన్నారు. కుడి కర్ర అన్నాను. నవ్వారు. దిగుడు సంగతి చెప్పబోతే, సరేలే, బ్రేకు ఈల వినలేదా అన్నారు. లేదన్నాను. బావని పిలిచి అడిగితే, ఊదాను అన్నాడు."

"ఊదాడా?"

"బావ అబద్ధమాడడు. అంటే నాకే వినపడలేదు. నలభై ఎనిమిదేళ్లుగా అదేనే నా బాధ. చెవులు మూడుసార్లు చూపించుకున్నాను, బాగానే ఉన్నాయన్నారు. చెవి బాగుంటే మరి ఆ క్షణంలో నేనెక్కడున్నాను? కర్రలు పట్టుకుని కునుకు తీశానా? అదొక్కటి తెలిస్తే చాలు."

అంతలో ఈల తాత వచ్చాడు. మాట మారిపోయింది.

నేను మాత్రం ఊరుకునే రకం కాదు. షెడ్డు నుంచి ఒక ఈల తెచ్చాను. తాత ఇంటి వెనక కూర్చున్నప్పుడు నీళ్ల మోటారు ఆన్ చేసి, గోడ అవతల నక్కి ఊదాను. ప్రతిసారీ తాత తల తిప్పాడు. మూడోసారి, "నాలుగు వీధుల అవతల్నించి ఊదినా వింటాను, మోటారు ఆపు, ట్యాంకు పొంగుతోంది" అన్నాడు. నానమ్మ చీపురుతో వచ్చింది.

రెండు నెలలు కష్టపడ్డాక దున్న ఇంజను అందుకుంది. దగ్గి, నల్లగా ఉమ్మి, తర్వాత నిదానంగా గుడగుడమంది. చదునులో నేనే అటూ ఇటూ నడిపాను. మేడమ్ చప్పట్లు కొట్టింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. బండినీ ఫిరంగినీ కలిపి గుట్ట మీది నుంచి కింది ఆవరణలోకి దించాలి. దారి మధ్యలో తక్కువ ఎత్తు కమాను ఉంది, క్రేను పట్టదు. దిగుడు. సగంలో ఎడమకు మలుపు.

నా చప్పట్లు నేను వెనక్కి ఇచ్చేశాను. తాళ్లు, ఇద్దరు మనుషులు అంతా నా బుర్రలో ఉంది కానీ చేతుల్లో లేదు.

మేడమ్ మా ఇంటికి వచ్చి తాతను అడిగింది. తాత చాలా మర్యాదగా, "ఎడమ కుడి తెలియనివాడితో పెట్టుకోకమ్మా" అన్నాడు.

నానమ్మ టీ ఇస్తూ, "వెళ్లకండి. ఈసారి పడేది మ్యూజియం గోడ. మళ్లీ ఇంకో కాగితం. దాచడానికి పెట్టెలో చోటు లేదు" అంది.

తాత పెట్టె ఉన్న గది వైపు ఒకసారి చూశాడు. తర్వాత మేడమ్‌తో, "మా బావ వెనక కూర్చుంటే వస్తాను. ఈలతో" అన్నాడు. నాతో విడిగా చెప్పాడు, "ఆ ఇంజను చప్పుడులో ఈల వినపడుతుందా లేదా ఒక్కసారి తేలిపోవాలే. వినపడకపోతే తప్పు ఎవరిదీ కాదు. వినపడితే నాదే."

మూడో లెక్క కూడా ఒకటి ఉండొచ్చని నాకు అనిపించింది. కానీ రెండుసార్లు లెక్కల్లో పోయినదాన్ని, నోరు మూసుకున్నాను.

ఈల తాత ఒప్పుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. "పెట్టుడు పళ్లతో ఈల రాదు" అన్నాడు. "తీసి ఊదు" అంది నానమ్మ. "నడుం పట్టేసింది" అన్నాడు. "కూర్చునే పనేగా అన్నయ్యా" అంది. "వాన వచ్చేలా ఉంది" అన్నాడు. బయట చొక్కాలు పది నిమిషాల్లో ఆరిపోయే ఎండ. చివరికి చెల్లెలి పోరు పడలేక వచ్చాడు.

ఆ ఉదయం గుట్ట మీద మేము అయిదుగురమే ఉన్నాం. మేడమ్, నేను, ఇద్దరు తాతలు, చూడకుండా ఎలా ఉంటానంటూ వెంట వచ్చిన నానమ్మ. తాత దున్న ఎక్కడానికి స్టూలు వేశాను. ఎక్కాక స్టూలు తీసేయమన్నాడు. కర్రల మీద చేతులు పెట్టి, తీసి, ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. ఈల తాత వెనక సీట్లో సర్దుకుని, పళ్లు తీసి రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు.

ఇంజను అందుకుంది. తాత వెనక్కి చూడకుండానే అరిచాడు, "బావా, కదిలే ముందు మూడుసార్లు ఊదు. నాకు వినపడితే చెయ్యెత్తుతాను."

ఈల తాత ఊదాడు. తాత చెయ్యి లేచింది. ఇంజను పక్కన నిలబడ్డ నన్ను వేగం పెంచమన్నాడు. నేల అదిరింది, నానమ్మ చెవులు మూసుకుంది. ఈల తాత ఊదాడు. చెయ్యి లేచింది. ఇంకా పెంచమన్నాడు. పక్కనే నిలబడ్డ మేడమ్ మాట నాకు వినపడలేదు, పెదవులు మాత్రం కదిలాయి. ఈల తాత ఊదాడు. ఇంజను హోరు మధ్యనుంచి ఈల సన్నగా, సూదిలా వచ్చింది. తాత చెయ్యి లేచింది. ఈసారి చాలాసేపు దిగలేదు.

తర్వాత ఇంజను ఆపేశాడు.

"వినపడుతోంది" అన్నాడు. మాకు చెబుతున్నట్టు లేదు. "ఇంత బాగా వినపడుతోంది. అయితే తప్పు నాదేనన్నమాట." చేతులు కర్రల మీది నుంచి తీసేశాడు. "స్టూలు వెయ్యవే. దిగుతాను. మేడమ్ గారూ, దీన్ని ఇంకెవరి చేతనైనా దింపించుకోండి."

నేను స్టూలు తేలేదు. వెనక సీట్లో ఈల తాత ఈలను రెండు చేతుల మధ్య తిప్పుతున్నాడు.

"బావా, కూర్చో" అన్నాడు. పళ్లు లేని నోటితో మాట గాలిపోయినట్టు వచ్చింది. "ఆ రోజు నేను ఊదలేదు."

తాత తల తిప్పలేదు.

"ఆ పొద్దున్నే పన్ను పీకించుకున్నాను. నోటి నిండా దూది. ఈల పట్టదు. ఆ మాట చెబితే నన్ను దించేసి ఇంకొకణ్ని ఎక్కిస్తారు, వాడు నీ తీరు ఎరగడు. ఒక్క రోజే కదా, దిగుడులో బ్రేకు వెయ్యకుండా గడిపేద్దామనుకున్నాను. ఫిరంగి మరీ తోసుకొచ్చేసరికి చెయ్యి దానంతటదే బ్రేకు లాగేసింది. ఈల మాత్రం రాలేదు."

"విచారణలో?" అని నేనే అడిగాను. ఎవరో ఒకరు అడగాలి కదా.

"నన్ను పిలిచేసరికి దూది తీసేశారు. ఊదావా అన్నారు. ఊదాను అనేశాను. బావని కాస్త తిడతారు, అయిపోతుంది అనుకున్నాను. బండి లాగేసుకుంటారనుకోలేదు."

"ఆ తర్వాతైనా చెప్పొచ్చుగా."

"తర్వాత ఇంటికెళ్లి నాన్నతో మాట్లాడి చెల్లెల్ని ఇచ్చాను."

అప్పటిదాకా కదలకుండా నిలబడ్డ నానమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అంటే నేను ఆ పంటికి బదులా అన్నయ్యా?"

ఈల తాత పళ్లున్న జేబు తడుముకున్నాడు. మేడమ్ గట్టిగా దగ్గి కమాను వైపు చూడటం మొదలుపెట్టింది.

నేను తాత ముఖం చూడాలని బండి ముందుకు వచ్చాను. కోపం ఉంటుందనుకున్నాను. లేదు. తన రెండు చేతులూ ముఖం ముందు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు, పోగొట్టుకున్న వస్తువు ఎవరో తెచ్చి ఇస్తే అదేనా కాదా అని చూసుకున్నట్టు.

"కునుకు తియ్యలేదు" అన్నాడు నాతో.

"లేదు తాతా."

"ఇంజను మళ్లీ ఆన్ చెయ్యి."

దున్న కదిలింది. దిగుడు మొదలయ్యే అంచు దగ్గర ఒక్క క్షణం తూగి, ముందుకు ఒరిగింది. వెనక ఫిరంగి కొక్కేన్ని ఠంగుమని తోసింది. నేను పక్కనే నడుస్తూ తాత చేతులే చూశాను. బండి కాస్త కుడికి పోతుంటే, ఎడమకు తేవడానికి ఆయన కుడి కర్ర లాగాడు. దున్న బుద్ధిగా ఎడమకు వచ్చింది. నా భుజాల మీద ఇన్నేళ్లు ఆయన చేసింది ఇదే.

మలుపుకు ఇరవై అడుగుల ముందు వెనకనుంచి పొడుగ్గా ఈల వినపడింది. తాత చెయ్యెత్తలేదు. కుడి చెయ్యి ఆగిపోయింది, ఎడమ చెయ్యి బిగిసింది, అంతే. ఇంజను గొంతు బరువెక్కింది. దున్న ఎడమకు తిరిగి, కమాను కింద అటు జానెడు ఇటు జానెడు వదిలి, ఆవరణలో గీసిన సున్నపు గీతల మధ్య ఆగింది. రెండు పొట్టి ఈలలు.

తాత దిగి, నీళ్లు తాగి, గేటు దగ్గరికి వెళ్లి నా స్కూటరు పక్కన నిలబడ్డాడు. ఈల తాత వైపు చూడలేదు. ఇంటికెళ్లే దారిలో దిగుడు వచ్చింది. కుడి భుజం తట్టాడు. నేను ఎడమకు తిప్పాను.

ఆ తర్వాత పదకొండు రోజులు బావతో మాట లేదు. ఈల తాత రోజూ అదే వేళకు వచ్చేవాడు, గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు, నానమ్మ చక్కెర లేకుండా ఇచ్చిన టీ ముఖం చిట్లించకుండా తాగి వెళ్లిపోయేవాడు. నానమ్మ మాత్రం రేకు పెట్టె తీసి ఆ కాగితం తాత ముందు పెట్టింది. "చింపేయనా?" అంది. "ఉండనీ. సంతకాలు బాగున్నాయి" అన్నాడు. నలభై ఎనిమిదేళ్లు వీధి వీధికీ తిరిగి చెప్పిన మాటను ఇప్పుడు ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక ఆమె ఆ వారమంతా ఎవరింటికీ వెళ్లలేదు.

పన్నెండో రోజు ఈల తాత గ్లాసు ఖాళీ చేసి లేవబోతుంటే తాత నోరు విప్పాడు.

"ఏ పన్ను?"

ఈల తాత మళ్లీ కూర్చున్నాడు. "అదే బావా, వెనకది. దవడ పన్ను."

"పై వరసా, కింది వరసా?"

"కిందిదే."

"ఎడమ వైపా, కుడి వైపా?"

ఈల తాత వేలు ఎడమ బుగ్గ మీదికి వెళ్లింది. అక్కడ ఆగి, ఆలోచించి, కుడి బుగ్గ మీదికి వచ్చింది. మళ్లీ ఎడమకు. ఇప్పుడు చూద్దామన్నా నోట్లో ఒక్క పన్నూ సొంతది కాదు.

"గుర్తులేదు బావా" అన్నాడు చాలా దీనంగా.

తాత వంటింటి వైపు తిరిగి గొంతు పెంచాడు. "విన్నావా? మీ అన్నయ్యకి ఎడమ కుడి తెలియదట. ఆ టీలో కాస్త చక్కెర వేసి ఇంకో గ్లాసు ఇవ్వు."